గద్వాలలో ఆరంజ్ చికెన్ వండిన రోజు

బత్తాయి రసాన్ని మరిగిస్తే చేదెక్కుతుంది. ఈ ఒక్క ముక్క తెలుసుకునే లోపల మా ఇంట్లో అందరి నోళ్లూ పాడయ్యాయి. ఇప్పుడు మీరు ఫోన్ తీసి వెతికితే ఎవరో ఒకరు క్షణంలో చెప్పేస్తారు. అదృష్టవంతులు. అయితే హోటల్ వంటింట్లో ఆడపిల్లకు పొయ్యి దగ్గర చోటు ఎలా దొరుకుతుందో ఫోన్లు చెప్పవు. అందుకని ఆ సంగతి నేను రాస్తున్నాను. వంట నేర్పే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్లు కనీసం ఆరంజ్ చికెన్ ఎలా చేయాలో తెలుసుకుని పొండి, నాకేం నష్టం లేదు.

అవి రెండువేల దశకం నడిమి సంవత్సరాలు. వనపర్తిలో ఒక మహిళా శిక్షణ కేంద్రంలో నేను వంట నేర్పేదాన్ని. కుట్టుపని నేర్పే టీచరమ్మ నాగర్‌కర్నూల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు ఊరికి పోయి మిషన్ పెట్టుకుని టైలర్లయ్యేవాళ్లు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు హోటళ్లకు పోయి ఉల్లిగడ్డలు కోసేవాళ్లు. దమ్ము ఎప్పుడు దించాలో, పాకం ఎప్పుడు తీగ సాగుతుందో అన్నీ నేర్పి పంపితే, హోటల్ వాళ్లు చేతికి కత్తి ఇచ్చి మూలకు కూర్చోబెట్టేవాళ్లు. పొయ్యి దగ్గర మాత్రం మగవాళ్లే. అదేమని అడిగితే ఆడవాళ్లు అంత వేడికి తట్టుకోలేరని జవాబు. ఇంట్లో మూడు పూటలా పొయ్యి ముందు నిలబడితే ఆ వేడి ఎవరికీ గుర్తుకు రాదు. హోటల్లో నిలబడతాననగానే ఊరందరికీ ఆమె ఒంటి మీద బెంగ పుట్టుకొస్తుంది.

కుట్టు టీచరమ్మ నన్ను ఊరికే ఉండనిచ్చేది కాదు. "అక్కా, నీ కోర్సు పేరు మార్చు. కూరగాయలు కోసే కోర్సు అని పెట్టు" అనేది. ఆమె వేళాకోళానికి నాకు కోపం రాలేదు, అందులో అబద్ధం లేదు కాబట్టి. ఆ ఏడాది బ్యాచ్‌లో ఒక్కరినైనా పొయ్యి దగ్గర నిలబెట్టి తీరాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఆ ఒక్కరు ఎవరో కూడా నాకు తెలుసు. అయిజ నుంచి వచ్చి, వనపర్తిలో మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకుంటున్న అమ్మాయి. ఇంటర్ చదివింది. తల్లికి అయిజలో గాజుల దుకాణం. ఈ అమ్మాయి నూనె కాగిందో లేదో వాసన పట్టి చెప్పేది, ఎదుటివాళ్లు అరిస్తే తను గొంతు తగ్గించేది. ఆ రెండో గుణం నాకు లేదు. ఆమె తల్లి మాత్రం ముందే తేల్చి చెప్పింది. హోటల్లో వంట చేస్తానంటే పంపుతుంది. కోసే పనికి, తోమే పనికి పోతే మాత్రం ఇంట్లోకి రానివ్వదు, తెలిసిన సంబంధం చూసి పెళ్లి చేసేస్తుంది. ఆ మాట నాతో చెప్పేటప్పుడు కూడా అమ్మాయి గొంతు పెంచలేదు. "మా అమ్మ అన్నదంటే చేస్తది మేడమ్" అంది, అంతే.

సరిగ్గా అప్పుడే గద్వాల నుంచి ఒక సేటు మా కేంద్రానికి వచ్చాడు. కుటుంబాలతో వచ్చి తినే హోటల్ ఒకటి కట్టిస్తున్నాడు. హైదరాబాద్ నుంచి వంట మాస్టర్‌ను మాట్లాడుకున్నాడు, అతని కింద పనికి ఆడవాళ్లు కావాలన్నాడు. వంటకు తీసుకుంటేనే పంపుతానన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంట్లో మీకు ఎవరు వండి పెడుతున్నారని అడిగాను. తల్లి అన్నాడు. ఆమెకు లేని వేడి వీళ్లకెందుకని అడిగాను. ఇలా చాలాసేపు నడిచింది. కుట్టు టీచరమ్మ మిషన్ ఆపి మరీ విన్నది. చివరికి ఆయన విసిగిపోయి ఒక షరతు పెట్టాడు.

"హైదరాబాద్‌ల మా బామ్మర్ది ఆరంజ్ చికెన్ అని తినిపిచ్చిండు. మీదికి తియ్యగ, పుల్లగ ఉంటది, కొరికితె కరకరమంటది. గది చేసి చూపియ్యమనుండ్రి. హోటలు ఇంక తయారు గాలే, మా ఇంట్లనే చెయ్యాలె. మా మాస్టర్ గుడ ఉంటడు. కరకర అనకుంటే గది మన కోడికూరనే, ముచ్చట ఆడికే ఖతం."

సరేనన్నాను. అప్పటికి ఆరంజ్ చికెన్ అనే పదార్థాన్ని నేను కంటితో చూడలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

హైదరాబాద్‌లో ఉన్న నా కాలేజీ స్నేహితురాలికి ఫోన్ చేసి వివరం కనుక్కున్నాను. ఎముక లేని కోడి ముక్కలు, గుడ్డు, కార్న్‌ఫ్లోర్, రెండుసార్లు వేయించడం. ఆరంజ్ రసం, చక్కెర, వెనిగర్, సోయా సాస్, ఎండుమిర్చి, వెల్లుల్లితో పాకం లాంటి పులుసు. చివర్లో ముక్కల్ని అందులో వేసి తిప్పి దించేయడం. ఒక చెంచా వైన్ కూడా వేస్తారని ఆమె అంటే, అయిజ అమ్మాయి అది వినగానే మాకు హరామ్, వద్దు అన్నది. నేనూ పట్టుబట్టలేదు. వైన్ చేసే పని వెనిగర్ చేయలేకపోతే ఆ వంట మనకెందుకు.

శిక్షణ కేంద్రం ఉన్న మేడ యజమాని మాంసం వండనిచ్చేవాడు కాదు. అందుకని సాధన అంతా మా ఇంట్లో. అయిజ అమ్మాయికి తోడుగా పెద్దమందడి నుంచి వచ్చే ఇంకొకామెను కూడా పెట్టాను. ఆమె నలభై దాటిన మనిషి, రైతు కుటుంబం. ఆమెకు హోటల్ ఉద్యోగం వద్దు, ఊళ్లో సొంతంగా మిర్చి బండి పెట్టుకుంటుంది. కానీ చేతి సాయానికి అలాంటి మనిషి దొరకదు.

మొదటిరోజే ఆమె నాకొక పాఠం నేర్పింది. కార్న్‌ఫ్లోర్ తెమ్మన్నాను. కార్న్ అంటే మక్కలు, ఫ్లోర్ అంటే పిండి అని ఎవరో చదువుకున్నవాళ్లు చెప్పారట. తన చేలో పండిన మక్కల్ని గిర్నీలో పట్టించి సంచెడు తెచ్చింది. పచ్చగా, రవ్వగా ఉంది. "గింత పిండి కోసం దుకాణానికి పోవుడెందుకు మేడమ్, మా ఇంట్ల మస్తుగుంది" అంది. ఆ రోజు మేము చేసినది బాగానే ఉంది, మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. కాకపోతే అది కోడి ముక్కలు దాచిన మక్కగారెలు.

రెండోది పసుపు. మా వైపు కోడిని తెస్తే ఉప్పు, పసుపు పట్టించి కడగనిదే మనసొప్పదు. నేనిలా తిరిగేసరికి ఇద్దరూ చెరో చేత్తో పసుపు పట్టించేశారు. పసుపు వేస్తే రంగు మారుతుందని నేను, వేయకపోతే నీచు వాసన వస్తుందని వాళ్లు. వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగి వాసన చూడండని ముక్కు దగ్గర పెడితే అప్పుడు ఒప్పుకున్నారు. పెద్దమందడి ఆమె మాత్రం ఆ తర్వాత కూడా ప్రతిసారీ పసుపు డబ్బా వైపు ఒకసారి చూసేది, గుడి ముందు నుంచి దండం పెట్టకుండా పోతున్నట్టు.

మూడోది అసలైన తగాదా. కమలాపండ్లు బండ్ల మీద కనపడని కాలం. ఎటు చూసినా బత్తాయిలే. కుట్టు టీచరమ్మ వాళ్ల అన్నకు నాగర్‌కర్నూల్ దగ్గర బత్తాయి తోట ఉంది, గోనెసంచిలో తెచ్చి పడేసింది. రసం పిండి, చక్కెర వేసి, చిక్కబడేదాకా మరిగించాం. రంగు బాగుంది, వాసన బాగుంది. నోట్లో పెట్టుకుంటే వేపాకు. తొక్క వల్ల అనుకున్నాను. నిజానికి వాళ్లిద్దరూ ఊరగాయకు కోసినట్టు తొక్కను తెల్లభాగంతో సహా ముక్కలు చేసి వేశారు. మరునాడు తొక్క లేకుండా చేశాం. అప్పుడూ చేదే. చక్కెర పెంచాం. తియ్యటి చేదు.

మా ఆయన బడిలో లెక్కలు చెప్పేవాడు, కొత్త వంటలకు ఎదురుచెప్పే మనిషి కాదు. ఆయన కూడా ఒకరోజు పళ్లెం దూరంగా జరిపి, "గిది కూరనా, కషాయమా? ఏ రోగానికో చెప్తే తాగుత" అన్నాడు. సేటు దగ్గరికి పోయి బత్తాయిలే దొరికే కాలంలో ఆరంజ్ చికెన్ కుదరదని చెప్పి రమ్మని సలహా కూడా ఇచ్చాడు. ఆ మాటతో నాకు పట్టుదల ఇంకా పెరిగింది. పచ్చి రసం తియ్యగా ఉంది. పొయ్యి మీద పెట్టాకే చేదవుతోంది. అంటే తప్పు పండులో లేదు, మంటలో ఉంది. చక్కెర, వెనిగర్, సోయా సాస్, మిర్చి, వెల్లుల్లి ముందే ఉడికించి, కార్న్‌ఫ్లోర్ నీళ్లు పోసి బాగా చిక్కగా చేసి, పొయ్యి ఆపేశాక అప్పటికప్పుడు పిండిన రసం పోసి కలిపాం. బత్తాయి పైతొక్కను, పచ్చరంగు వరకే, సన్నగా తురిమి చల్లాం. అయిజ అమ్మాయి వేలితో నాకి చూసి గిన్నెను మా ఆయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన దాన్ని చపాతీతో తుడిచి తినేశాడు. ఆపైన చేదు ముచ్చట మా ఇంట్లో రాలేదు.

ఇక పరీక్ష రోజు.

పొద్దున బస్సులో బయల్దేరాం. ఒళ్లో బత్తాయిల సంచి, సోయా సాస్ సీసా గుడ్డలో చుట్టి. కృష్ణ దాటుతుంటే పెద్దమందడి ఆమె రూపాయి బిళ్ల తీసి నీళ్లలోకి విసిరింది. అయిజ అమ్మాయి ఆ పక్కకే చూడలేదు, పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటోంది. పరేషాన్‌గా ఉందా అని అడిగితే లేదంది. నాకు మాత్రం ఉంది.

సేటు ఇల్లు గద్వాలలో పాతకాలపు ఇల్లు. ముందు పెద్ద గది, మధ్యలో వాకిలి, వెనక వంటిల్లు, దాని వెనక దొడ్డి. ముందు గదిలో సేటు, ఆయన బామ్మర్దులు, ఇంకో నలుగురైదుగురు మగవాళ్లు కూర్చున్నారు. హైదరాబాద్ మాస్టర్ మాత్రం వంటింటి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. గడ్డం నెరిసిన మనిషి. ఏమీ అనడు, ఊరికే చూస్తాడు. అది ఇంకా చిరాకు. సేటు తల్లి, ఎనభై దగ్గర పడిన అవ్వ, పీట వేసుకుని మూలన కూర్చుంది. ఆమె మాత్రం అన్నీ అంటుంది. పసుపు ఏదని అడిగింది. కోడి బొక్కలు ఏం చేశారని అడిగింది. చక్కెర వేస్తుంటే, "పెండ్లి పాయసమా" అని అడిగింది.

పని సాఫీగా నడిచింది. గ్యాస్ పొయ్యి చిన్నది కాబట్టి కొద్దికొద్దిగా వేయించాం. ఒకసారి వేయించి ఆరబెట్టి, మళ్లీ వేయించాం. ముక్క మీద గోరుతో కొడితే టక్కుమంది. వెడల్పు పళ్లెంలో పరిచి పక్కన పెట్టి, ముగ్గురం పులుసు వైపు తిరిగాం. పులుసు చిక్కబడింది, మంట తీసేసి రసం పోసి కలిపాం. ముక్కల కోసం వెనక్కి తిరిగితే పళ్లెం కనబడలేదు. ముక్కలన్నీ ఒక లోతు గిన్నెలోకి చేరాయి. దాని మీద గట్టి ఇత్తడి మూత. మూత మీద ఒక బొగ్గు ముక్క.

అవ్వ పని. మా వైపు నూనెలో వేగిన మాంసాన్ని నలుగురి కళ్ల ముందునుంచి తీసుకుపోవాలంటే మూత వేసి బొగ్గు పెట్టనిదే పెద్దవాళ్లు కదలనివ్వరు, దిష్టి అంటారు, గాలి అంటారు. వంటింటి నుంచి ముందు గదికి వాకిలి దాటాలి, అక్కడ పది కళ్లు. ఆమె లెక్క ఆమెది. నేను మూత తీశాను. లోపలి వైపు నీటిచుక్కలు. ముక్కను నొక్కితే వేలు దిగింది. కరకర అంతా ఆవిరి తాగేసింది.

అవ్వ నా చేతిలోంచి మూత లాక్కుని మళ్లీ పెట్టింది. ఆవిరి పడితే మెత్తబడతాయని నేను ఎంత చెప్పినా వినలేదు.

"మెత్తబడితే మంచిదే. పండ్లు లేనోళ్లు గుడ తింటరు" అంది. "నా కొడుకు తినేది. మూత తియ్యనియ్య."

తలుపు దగ్గర మాస్టర్ మీసంలో నవ్వుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. దిష్టి గురించి కాలేజీలో నేను చేసిన ఉపన్యాసం ఒకటి ఉంది, పూర్తిగా కంఠస్థం. మొదలుపెట్టబోయాను. అయిజ అమ్మాయి నా చేయి పట్టుకుని పక్కకు జరిపి, అవ్వ ముందు నేల మీద కూర్చుంది.

"అవ్వా, దిష్టి తగిలితే తిప్పేసిన మిరపకాయలు ఏంజేస్తరు?"

"పొయ్యిల ఏస్తరు. తెల్వదా?"

"తెలుసు. మా అమ్మ గుడ గట్లనే తీస్తది. మరి గివి గింతసేపు పళ్లెంల ఉండె. నేను చూస్తి, మేడమ్ చూసె, గా తలుపు కాడ నిలవడ్డ మాస్టర్ సాబ్ అయితే రెప్ప గుడ కొట్టలే. దిష్టి తగిలే ఉంటది గద. ఇప్పుడు మూతేస్తె గది లోపల్నే ఉంటది. జర ఒక్కసారి మంట మీదికెళ్లి తీయనియ్యి."

అవ్వ మాస్టర్ వైపు చూసింది. మాస్టర్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. అవ్వకు అదే సాక్ష్యమైంది.

"గ్యాసు మంటకు దిష్టి పోతదా పిల్లా?" అంటూ లేచింది. "నీళ్లు కాగబెట్టే పొయ్యి ఉంది, దొడ్లకు రా."

నిజం చెప్పనా, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మూడోసారి వేయించడమంటే పెద్ద గండం. ముక్కలు ముందే బాగా వేగి ఉన్నాయి. చిన్న మంట మీద వేస్తే పైన కరకరలాడేలోపు లోపలి మాంసం పీచయిపోతుంది. నూనె పొగలు కక్కేంత కాగాలి, వేసిన వెంటనే తీసేయాలి. ఆ గ్యాస్ పొయ్యి మీద అది జరిగే పని కాదు. దొడ్డిలో స్నానాల నీళ్లకు పెట్టిన మూడు రాళ్ల పొయ్యి ఉంది, పక్కనే ఎండిన పత్తి కట్టె, తుమ్మ మొద్దులు. పెద్దమందడి ఆమె కొంగు దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది. అరనిమిషంలో మంట బాణలి అంచులు దాటి పైకి లేచింది. ఆమె పత్తి కట్టె తోస్తుంటే పెరుగుతోంది, లాగుతుంటే తగ్గుతోంది, రెగ్యులేటర్ తిప్పినట్టు.

అయిజ అమ్మాయి చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది, చేతులు మోచేతుల దాకా పైకి మడిచింది. నూనె వాసన చూసింది. ఇంకా కట్టె వేయమంది. ఇంకా అంది. దొడ్డి గుమ్మం దాకా వచ్చిన మాస్టర్ ఇక ఉండబట్టలేక, "వెంట్రుకలు కాల్తయి, వెనక్కి జరుగు" అన్నాడు. ఆమె జరగలేదు. అతని వైపు చూడనూ లేదు. గుప్పెడు ముక్కలు వేసింది, నూనె బుస్సుమని లేచింది, జల్లి గరిటెతో ఒక్క తిప్పు తిప్పి ఎత్తేసింది. మళ్లీ గుప్పెడు. ముఖమంతా ఎర్రగా చెమట. చివరి వాయి తీశాక బొగ్గు ముక్కను అవ్వ చేతికే ఇచ్చింది. అవ్వ దాన్ని మంటలో వేసి తూతూ అని పక్కకు ఉమ్మింది. నేను పులుసు గిన్నె అక్కడికే తెచ్చాను. ముక్కల్ని అందులో వేసి, నాలుగుసార్లు ఎగరేసి, పళ్లెంలోకి వంచి, మూత లేకుండా వాకిలి దాటి ముందు గదికి తీసుకుపోయాం. అవ్వ మా ముందు నడిచి దారి ఇప్పించింది.

సేటు కొరికాడు. గదిలో అందరికీ వినపడింది.

ఆయన బామ్మర్ది, హైదరాబాద్‌లో తినిపించినాయన, ఇది అక్కడిదానికంటే పుల్లగా ఉందన్నాడు. ఉందని ఒప్పుకున్నాను, అక్కడ తీపి ఎక్కువ వేస్తారని కూడా చెప్పాను. ఆయన ఇంకో నాలుగు ముక్కలు వేసుకుని ఆ సంగతి పరిశీలించాడు. పళ్లెం ఖాళీ అయింది. సేటు చేయి కడుక్కుని వచ్చి, అమ్మాయిని తప్పకుండా తీసుకుంటానన్నాడు. నేను ఊపిరి వదిలేలోపే మిగతాది కూడా అన్నాడు.

"ముందుగాల కటింగ్ కాడ కూసోనియ్యుండ్రి. ఆర్నెల్లయినంక పొయ్యి సంగతి చూద్దాం."

ఇంత చేసి మళ్లీ అక్కడికే వచ్చాం. కటింగ్ అంటే అమ్మాయి అయిజ బస్సెక్కి తల్లి చూసిన సంబంధానికి తల వంచడమే. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆమె అన్నది, అదే చిన్న గొంతుతో.

"పొయ్యి కాడికైతే వస్త సేటు. కత్తిపీట మా ఇంట్ల గుడ ఉంది."

సేటు ముఖం మాడింది. పది మంది ముందు ఒక ఆడపిల్ల తన ఉద్యోగం వద్దంటోంది. ఆయన మాస్టర్ వైపు తిరిగి, నువ్వే చెప్పమన్నట్టు చూశాడు. మాస్టర్ గడ్డం గోక్కుంటూ అమ్మాయి మోచేతుల వైపు చూశాడు. నూనె చిట్లి అక్కడక్కడ ఎర్రగా బొబ్బలు లేస్తున్నాయి. ఆమె వాటిని దాచుకోనూ లేదు, చూపించనూ లేదు.

"నా చేతి కింద నిలవడతవా?" అని అడిగాడు.

"కింద గాదన్నా. పక్కకు నిలవడత."

మాస్టర్ సేటుతో, కటింగ్‌కు ఇంకెవరినైనా చూసుకోమని చెప్పి బీడీ వెలిగించుకోవడానికి బయటికి పోయాడు. అంతే. నేను నా డిగ్రీతో, నా గొంతుతో ఏళ్ల తరబడి హోటల్ వాళ్లతో చేసిన వాదనలన్నీ ఒకవైపు, ఈ రెండు చిన్న మాటలు ఒకవైపు. అయినా నేను వాదించడం మానలేదులెండి. ఆమె మాట అందరి దగ్గరా పనిచేయదు, అక్కడ మనలాంటి నోరున్నవాళ్లు కావాలి. మీరూ మానకండి. మీ పిల్లలకు సర్టిఫికెట్ ఇచ్చాక మీ పని అయిపోయిందనుకోకండి, ఎక్కడ కూర్చోబెడుతున్నారో పోయి చూడండి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఈ సంగతి మీ అమ్మకు ఎలా చెబుతావని అడిగాను. చెప్పనంది. హోటల్ మొదలయ్యాక తీసుకుపోయి పొయ్యి దగ్గర నిలబడి చూపిస్తానంది.

చూపించింది కూడా. తల్లి అయిజలో దుకాణం మూసి వచ్చిందట. వంటింటి గడప బయటే నిలబడి, కూతురినీ, పక్క పొయ్యి ముందున్న మాస్టర్‌నూ, మధ్యలో లేస్తున్న మంటనూ చాలాసేపు చూసిందట. పోయేముందు ఉర్దూలో ఒక్క మాట అన్నదట, మంట జర తక్కువ చెయ్యి, మాడుతుందని.

అమ్మాయి తగ్గించలేదు.